గ్లాసులో ఎర్రబడ్డది బోరు నీళ్ళు కాదు, కడ్డీలోని ఇనుము

ప్రశ్న: సార్, మేము హనుమకొండలో ఉంటాం. పోయిన వారం ఒకాయన వాటర్ ఫిల్టర్ అమ్మడానికి వచ్చిండు. ఒక గ్లాసులో మా బోరు నీళ్ళు, ఇంకో గ్లాసులో ఆయన తెచ్చిన ఆర్వో నీళ్ళు పోసి, కడ్డీలున్న మిషన్ ముంచి స్విచ్ వేసిండు. రెండు నిమిషాల్లో మా నీళ్ళు ఎర్రగా, మడ్డిగా అయినయి. ఆయన నీళ్ళు అట్లనే తేటగా ఉన్నయి. "ఇన్నేండ్ల నుంచి మీ పొట్టలకు పోతున్నది ఇదే" అన్నడు. నాకు టెన్షన్ పట్టుకున్నది. వెయ్యి రూపాయలు అడ్వాన్స్ ఇచ్చిన. పదో తరగతి చదివే మా బిడ్డ మాత్రం "అది మురికి కాదమ్మా, అయాన్లు" అంటది. ఎలక్ట్రాన్ పోతే పరమాణువు ప్లస్ అయితదట. పోతే మైనస్ కావాలె గదా? అసలెందుకు పోతది అంటే ఆమెకూ చెప్పొస్తలేదు. ఇంకో సంగతి, మా అత్తమ్మకు ఈ మధ్య సోడియం తగ్గిందని దవాఖానలో పెట్టినం. ఆర్వో నీళ్ళు తాగిస్తే సోడియం ఇంకా తగ్గుతదా? ఏం చెయ్యమంటరు?
ఒక తల్లి, హనుమకొండ

సమాధానం: అమ్మా, ముందు మీ భయం తీరాలి. ఆ గ్లాసులో తేలిన ఎర్రమడ్డి మీ బోరు నీళ్ళలో ఉన్నది కాదు, ఆయన ముంచిన కడ్డీ నుంచి ఊడినది. మీ అమ్మాయి అయాన్ల మాట ఎత్తిందని చదివి నాకు చాలా సంతోషం వేసింది. పరీక్ష కోసం చదివిన పాఠాన్ని ఇంట్లో జరిగిన సంగతికి అన్వయించి చూడటం అందరు పిల్లలకూ అలవాటు ఉండదు. అయాన్ అంటే ఎలక్ట్రాన్ పోగొట్టుకుని గానీ, చేర్చుకుని గానీ ప్లస్ లేదా మైనస్ అయిన పరమాణువు, లేదా పరమాణువుల గుంపు. ఆమె చెప్పినదానికి నేను చేసే సవరణ ఒక్కటే. మీ నీళ్ళలో అయాన్లు ముందునుంచే ఉన్నాయి, వాటికి రంగు లేదు. స్విచ్ వేశాక కడ్డీలోని ఇనుప పరమాణువులు అప్పటికప్పుడు అయాన్లుగా మారాయి. ఎరుపంతా వాటిదే.

ఇక మీ ప్లస్, మైనస్ సందేహం. ఇది క్లాసులో చాలామంది పిల్లలకు వస్తుంది, అడగడానికి మొహమాటపడి బట్టీ కొట్టేస్తారు. మీరు అడిగారు కాబట్టి అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పని చేయండి. ఒక చిన్న గిన్నెలో 11 శనగలు వేయండి. గిన్నె పరమాణువు నడిమధ్య ఉండే కేంద్రకం, శనగలు ప్రోటాన్లు, ఒక్కోదానికి ఒక ప్లస్. గిన్నె చుట్టూ 11 చింతగింజలు పేర్చండి. అవి ఎలక్ట్రాన్లు, ఒక్కోదానికి ఒక మైనస్. గిన్నెకు దగ్గర వరుసలో 2, తర్వాతి వరుసలో 8, బయట 1. ఇదే సోడియం పరమాణువు. 11 ప్లస్‌లు, 11 మైనస్‌లు, మొత్తం మీద ఏ విద్యుదావేశమూ లేదు. ఇప్పుడు బయట ఉన్న ఆ ఒక్క చింతగింజను తీసేయమనండి. శనగలు 11, చింతగింజలు 10. ఒక శనగకు జోడీ లేకుండా పోయింది. ఆ మిగిలిన ఒక్క ప్లస్సే సోడియం అయాన్ మీద మనం రాసే ప్లస్. పోయింది మైనస్ ఉన్న వస్తువు కాబట్టి మిగిలినదాని లెక్క ప్లస్ వైపు తేలింది. కొత్తగా ఏ ప్లస్సూ వచ్చి చేరలేదు.

క్లోరిన్‌కు కేంద్రకంలో 17 ప్రోటాన్లు, బయట ఎలక్ట్రాన్లు 2, 8, 7. దానికి ఒక ఎలక్ట్రాన్ వచ్చి చేరితే 18 అవుతాయి. 17లోంచి 18 తీసేస్తే మైనస్ 1. అది క్లోరైడ్ అయాన్. పరీక్షలో ఏ అయాన్ ఇచ్చినా ప్రోటాన్లలోంచి ఎలక్ట్రాన్లు తీసేస్తే ఆవేశం వచ్చేస్తుంది, ఇంకే సూత్రమూ అక్కర్లేదు. తీసేయాల్సిన వరస మాత్రం మారకూడదు. ఎప్పుడూ ప్రోటాన్లు ముందు.

ప్రోటాన్ ఎందుకు ఊడిరాదు అని అమ్మాయి అడగొచ్చు, అడగాలి కూడా. కేంద్రకంలో ప్రోటాన్లను పట్టి ఉంచే బలం వేరు, అది చాలా గట్టిది. బయటి ఎలక్ట్రాన్‌ను లాగడానికి పట్టే శక్తితో పోలిస్తే ఒక ప్రోటాన్‌ను పీకడానికి లక్షల రెట్ల శక్తి కావాలి. మీ వంటింట్లో గానీ, పొలంలో గానీ, ఆయన మిషన్‌లో గానీ అంత శక్తి ఉండదు. పైగా సోడియం నుంచి ఒక ప్రోటాన్ పోతే అది ఇక సోడియం కాదు, నియాన్ అయిపోతుంది. ఎలక్ట్రాన్ పోతే అట్లా కాదు. మూలకం అదే, నడత మాత్రం పూర్తిగా మారిపోతుంది.

ఎంతగా మారుతుందో సోడియంలోనే చూడొచ్చు. సోడియం లోహపు ముక్కను నీళ్ళలో వేస్తే భగ్గుమంటుంది, పెద్దదైతే పేలుతుంది. పిల్లలంతా ఫోన్లో ఆ వీడియోలు చూసే ఉంటారు. క్లోరిన్ వాయువు ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం. ఈ రెండూ కలిసిన ఉప్పును మనం రోజూ అన్నంలో తింటున్నాం. ఉప్పులోని సోడియానికి ఒక ఎలక్ట్రాన్ తక్కువ, క్లోరిన్‌కు ఒకటి ఎక్కువ, తేడా అంతే. నీళ్ళలో పడ్డ సోడియం లోహం అంత గొడవ చేసేది ఆ బయటి ఎలక్ట్రాన్‌ను వదిలించుకునేటప్పుడు. ఉప్పులో ఆ పని ఎప్పుడో అయిపోయింది, ఇక వదలడానికి ఏమీ లేదు. ఆ పేలుడు మీద చెక్ శాస్త్రవేత్త పావెల్ యుంగ్‌విర్త్ బృందం 2015లో ఒక అందమైన సంగతి ప్రచురించింది. సోడియం, పొటాషియం కలిసిన ద్రవ లోహపు చుక్క నీటిని తాకగానే దాని ఉపరితలం నుంచి ఎలక్ట్రాన్లు ఎంత వేగంగా నీళ్ళలోకి పోతాయంటే, వెనక మిగిలిన ప్లస్ అయాన్లు ఒకదాన్నొకటి తోసుకుని లోహం ముళ్ళు ముళ్ళుగా బయటికి చిమ్ముతుంది. హై స్పీడ్ కెమెరాలతో వాళ్ళు అది పట్టుకున్నారు. పుట్టే హైడ్రోజన్ అంటుకోవడం ఒక్కటే కారణం అనుకున్న రోజుల తర్వాత ఇది తెలిసింది.

ఇప్పుడు అమ్మాయి జవాబు చెప్పలేకపోయిన ప్రశ్న: ఎలక్ట్రాన్ ఎందుకు పోతుంది? చాలా నోట్సుల్లో "సోడియం స్థిరత్వం కోసం తన ఎలక్ట్రాన్‌ను ఇచ్చేస్తుంది" అని ఒక్క ముక్కలో రాసి ఉంటుంది. మార్కులకు అది సరిపోతుంది. కానీ అది చదివితే సోడియం ఇష్టంగా ఇచ్చేస్తుందన్నట్టు అనిపిస్తుంది, అది నిజం కాదు. ఒంటరి సోడియం పరమాణువు తన ఎలక్ట్రాన్‌ను వదలదు. లాగాలి, లాగడానికి శక్తి ఖర్చు పెట్టాలి. 23 గ్రాముల సోడియం ఆవిరిలో ప్రతి పరమాణువు నుంచి ఒక్కో ఎలక్ట్రాన్ లాగాలంటే 496 కిలోజౌళ్ళు పెట్టాలి. క్లోరిన్ పరమాణువులు ఆ ఎలక్ట్రాన్లను తీసుకుంటే తిరిగి వచ్చేది 349 కిలోజౌళ్ళే. ఇంకా 147 లోటు ఉంది. ఇక్కడితో ఆగితే ఉప్పు తయారే కాదు. ఆ లోటు పూడేది తర్వాతి అడుగులో. ప్లస్ అయాన్ పక్కన మైనస్ అయాన్, దాని పక్కన మళ్ళీ ప్లస్, ఇట్లా అన్ని వైపులా పేరుకుని స్ఫటికంగా గట్టిపడ్డప్పుడు దాదాపు 787 కిలోజౌళ్ళు బయటికి వస్తాయి. మొదట పెట్టిన ఖర్చంతా తీరి బోలెడు మిగులుతుంది. సోడియం ఎలక్ట్రాన్ పోగొట్టుకోవడం వెనక ఉన్న అసలు బలం ఈ పేరుకోవడమే.

మరి రెండో ఎలక్ట్రాన్ కూడా పోవచ్చు కదా? అది లోపలి 8లోది. కేంద్రకానికి దగ్గరగా గట్టిగా ఉంటుంది. దాన్ని లాగడానికి 4,562 కిలోజౌళ్ళు కావాలి, మొదటిదానికి తొమ్మిది రెట్ల పైనే. స్ఫటికం ఇచ్చే శక్తి ఈ ఖర్చును భరించలేదు. అందుకే సోడియం +1 దగ్గర ఆగుతుంది. మెగ్నీషియంకు బయట రెండున్నాయి కాబట్టి +2 దాకా పోతుంది, అల్యూమినియం +3. అటు వైపు నుంచి ఫ్లోరిన్ ఒకటి, ఆక్సిజన్ రెండు తెచ్చుకుంటాయి. ఈ ఐదింటినీ చింతగింజలతో చేయించండి. అన్నిట్లోనూ చివరికి 10 గింజలే మిగులుతాయి.

ఇంకో మాట. "బయటి వరుసలో ఎలక్ట్రాన్లు 8 కాగానే అన్నీ ఆగుతాయి" అన్న నియమం మీ గ్లాసులో ఉన్న ఇనుముకు పనిచేయదు. ఇనుముకు 26 ఎలక్ట్రాన్లు: 2, 8, 14, 2. అది రెండు పోగొట్టుకుంటే ఫెర్రస్, మూడు పోగొట్టుకుంటే ఫెర్రిక్. రెండూ సహజంగా ఉండేవే. నియమం మొదటి ఇరవై మూలకాలకు బాగా పనికొస్తుంది, అక్కడికి వాడుకుంటే చాలు.

లాగేది ఎప్పుడూ ఇంకో పరమాణువే కానక్కర్లేదు. వేడి చాలు. నక్షత్రాల వేడికి పరమాణువుల ఎలక్ట్రాన్లు ఎంతెంత ఊడతాయో లెక్కగట్టే సమీకరణాన్ని మన దేశపు శాస్త్రవేత్త మేఘనాద్ సాహా 1920లో ఇచ్చారు. కరెంటు కూడా లాగుతుంది. మీ ఇంట్లో జరిగింది అదే.

ఆ మిషన్ మన ఇళ్ళలోకి వచ్చే ఏసీ కరెంటును ఒకే వైపు పోయే కరెంటుగా మార్చి కడ్డీలకు ఇస్తుంది. ఒక కడ్డీ ప్లస్, ఒకటి మైనస్. తీగలో ఎలక్ట్రాన్లు పోతాయి. నీళ్ళలో అవి ఒంటరిగా ఈదలేవు, అక్కడ ఆవేశాన్ని మోసేవి అయాన్లే. మీ బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు ప్లస్‌తో, బైకార్బొనేట్, క్లోరైడ్, సల్ఫేట్ అయాన్లు మైనస్‌తో ఉంటాయి. అవి అటూ ఇటూ కదలడంతో కరెంటు దారి దొరికింది. ప్లస్ కడ్డీ దగ్గర కరెంటు ఇనుప పరమాణువుల నుంచి రెండేసి ఎలక్ట్రాన్లు లాగేసుకుంది. ఎలక్ట్రాన్లు తీగ వెంట పోయాయి. మిగిలిన ఇనుప అయాన్ కడ్డీని వదిలి నీళ్ళలోకి దిగింది. అటు మైనస్ కడ్డీ దగ్గర నీటి అణువులు ఎలక్ట్రాన్లు తీసుకుని హైడ్రోజన్ బుడగలు వదిలాయి, హైడ్రాక్సైడ్ అయాన్లు మిగిల్చాయి. ఇనుప అయాన్లు, హైడ్రాక్సైడ్ అయాన్లు కలిస్తే మొదట ఆకుపచ్చ మడ్డి వస్తుంది. నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఇనుము నుంచి ఇంకో ఎలక్ట్రాన్ లాగేసరికి అది ఎర్రబడుతుంది. తుప్పు జాతి పదార్థమే అది. చాలా మిషన్లలో ఇనుము పక్కన అల్యూమినియం కడ్డీ కూడా ఉంటుంది, దాని నుంచి తెల్లటి జిగురు మడ్డి వస్తుంది. కొందరు రంగుల చార్టు చూపించి ఎరుపైతే ఫలానా విషం, తెలుపైతే ఫలానా రోగం అని చెబుతారు. ఆ రంగులు కడ్డీ లోహాన్ని బట్టి వచ్చేవి.

దీనికి ఎంత ఇనుము పడుతుందో చూడండి. 0.1 ఆంపియర్ కరెంటు రెండు నిమిషాలు పోతే కడ్డీ నుంచి కరిగేది సుమారు 3.5 మిల్లీగ్రాములు. ఒక గ్లాసు ఎర్రబడటానికి అది ఎక్కువే. ఈ లెక్కకు ఆధారమైన సూత్రాలు 1830లలో మైఖేల్ ఫారడే ప్రయోగాలతో తేలినవి. అయాన్ అన్న పేరు వాడకంలోకి తెచ్చింది కూడా ఆయనే, 1834లో. మీ నీళ్ళలోనే అంత ఇనుము ఉంటే ఏ మిషనూ అక్కర్లేదు. బోరు నుంచి వచ్చిన కాసేపటికే గాలి తగిలి నీళ్ళు పసుపు పడేవి, బిందె అంచుకూ బాత్రూం టైల్స్‌కూ ఎర్ర చారలు పట్టేవి. మీకు అట్లాంటివి కనిపించకపోతే ఇనుము గురించి ఆలోచించకండి.

మరి ఆయన నీళ్ళు ఎందుకు ఎర్రబడలేదు? ఆర్వో అయాన్లలో చాలావాటిని తీసేస్తుంది. అయాన్లు లేకపోతే కరెంటు పోదు, కరెంటు పోకపోతే కడ్డీ కరగదు. ఆ గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ స్విచ్ వేయమని అడగండి. మీ నీళ్ళకంటే ఎర్రగా మారతాయి. రోజూ కూరలో వేసుకునే ఉప్పుతో విషం పుట్టదు కదా. ఈ ఒక్క పరీక్షకు ఒప్పుకోని మనిషి దగ్గర ఏమీ కొనకండి. అయితే మీరు స్వయంగా ఆ కడ్డీలు ముంచడం, నీళ్ళలో వేలు పెట్టడం చేయకండి. అది ఇంటి కరెంటు, ప్రాణం మీదికి వస్తుంది.

అమ్మాయి కళ్ళారా చూడాలనుకుంటే 9 వోల్టుల చిన్న బ్యాటరీ చాలు. జింకు పూత లేని రెండు మామూలు ఇనుప మేకులు, ప్లాస్టిక్ గ్లాసులో నీళ్ళు, అర చెంచా ఉప్పు. మేకులు ఒకదానికొకటి తగలకుండా పెట్టి తీగలతో బ్యాటరీకి కలపండి. కిటికీ తెరిచి ఉంచి పది నిమిషాలు చూడనివ్వండి. ఒక మేకు దగ్గర బుడగలు లేస్తాయి, ఇంకోటి కరుకుగా మారి దాని నుంచి మడ్డి దిగుతుంది. ఏది ప్లస్‌కు కట్టిందో చూడకుండా చెప్పమనండి. స్టీలు చెంచాలు మాత్రం వాడొద్దు. స్టీల్లో క్రోమియం ఉంటుంది, అది హానికరమైన రూపంలో నీళ్ళలోకి రావచ్చు. అయిపోయాక ఆ నీళ్ళు పారబోసి చేతులు కడుక్కుంటే సరి.

ఉప్పు నీళ్ళలో వేయగానే అయాన్లుగా విడిపోతుందని నేను ఇంత తేలిగ్గా రాస్తున్నాను గానీ, ఈ మాట చెప్పినవాడిని మొదట ఎవరూ నమ్మలేదు. స్వీడన్‌లోని ఉప్సాలాలో స్వాంటే అర్హీనియస్ 1884లో థీసిస్ ఇచ్చినప్పుడు తక్కువ శ్రేణితో గట్టెక్కించారు. తర్వాతి ఏళ్ళలో ఆయన, కరెంటు పెట్టకపోయినా ఉప్పు నీళ్ళలో ఆవేశం ఉన్న ముక్కలుగా విడిపోయే ఉంటుందని వాదించాడు. నీళ్ళలో సోడియం ఉంటే అది మండాలి కదా అని పెద్ద పెద్ద రసాయన శాస్త్రవేత్తలే అడిగారు. పరమాణువుకూ అయాన్‌కూ ఉన్న తేడా వాళ్ళకు మింగుడు పడలేదు. అప్పటికి ఎలక్ట్రాన్‌నే ఎవరూ కనుక్కోలేదు, జె.జె. థామ్సన్ దాన్ని పట్టుకుంది 1897లో. అర్హీనియస్‌కు 1903లో నోబెల్ బహుమతి వచ్చింది. ఇది అమ్మాయికి చెప్పండి. తనకు వచ్చిన తికమక ఆ కాలపు ప్రొఫెసర్లకూ వచ్చిందేనని తెలిస్తే ధైర్యంగా అడుగుతుంది.

ఇంత చెప్పాక మీ బోరు నీళ్ళు మంచివేనని నేను హామీ ఇస్తున్నానని అనుకోకండి. మడ్డి అబద్ధం, అంతవరకే నాకు తెలుసు. మన వైపు నేల కింద ఉన్నది ఎక్కువగా గ్రానైట్, వందల కోట్ల ఏళ్ళనాటి రాయి. వాన నీరు గాలిలోని, మట్టిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని ఆ రాతి పగుళ్ళలో దిగినప్పుడు కాల్షియం, మెగ్నీషియం, సోడియం అయాన్లు నీళ్ళలో కలుస్తాయి. రాతిలో ఉన్నప్పుడే అవి అయాన్లు, ఎలక్ట్రాన్లు ఎప్పుడో పోయాయి. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే పప్పు సరిగ్గా ఉడకదు, సబ్బు నురగ రాదు, గీజర్‌లో తెల్ల పెచ్చు కడుతుంది. ఇబ్బందే గానీ విషం కాదు.

నిజంగా చూసుకోవాల్సింది ఫ్లోరైడ్. దాని సంగతి తెలంగాణలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు, నల్గొండ పల్లెలు ఎంత అనుభవించాయో మనందరికీ తెలుసు. ఫ్లోరిన్‌కు 9 ప్రోటాన్లు, ఒక ఎలక్ట్రాన్ చేరి 10 అయితే ఫ్లోరైడ్ అయాన్, మైనస్ 1. మన ఎముకల్లో, పళ్ళలో ఉండే ఖనిజంలో హైడ్రాక్సైడ్ అయాన్ ఉంటుంది, దానికీ మైనస్ 1. రెండింటి పరిమాణమూ దాదాపు ఒకటే. అందుకే ఫ్లోరైడ్ పోయి హైడ్రాక్సైడ్ చోటులో కూర్చుంటుంది. కొద్దిగా అయితే పళ్ళకు మంచిదే. ఏళ్ళ తరబడి ఎక్కువైతే పిల్లల పళ్ళకు గార పడుతుంది, పెద్దల ఎముకలు, కీళ్ళు బిగుసుకుపోతాయి. మన దేశ ప్రమాణాల ప్రకారం లీటరు తాగునీటిలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా. దానికి రంగు లేదు, వాసన లేదు. కాచితే పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. కడ్డీల మిషన్ దాన్ని పట్టుకోలేదు. ఆ మనిషి మిమ్మల్ని భయపెట్టిన దాంట్లో నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. చూడాల్సినదాన్ని వదిలేసి కడ్డీ తుప్పు చూపించాడు.

టీడీఎస్ మీటరు కూడా మీకు చూపించే ఉంటారు. అది నీళ్ళలో కరెంటు ఎంత తేలిగ్గా పోతుందో కొలిచి, దాన్నిబట్టి మొత్తం అయాన్ల బరువు అంచనా వేస్తుంది. అందులో కాల్షియం ఎంత, ఫ్లోరైడ్ ఎంత అన్నది దానికి తెలియదు. క్రిముల సంగతి అసలే తెలియదు. టీడీఎస్ లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిది, వేరే దారి లేని చోట 2,000 దాకా ఒప్పుకుంటారు. 500 లోపున్న చోట ఆర్వో వాడకాన్ని నిషేధించేలా చూడమని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019లో కేంద్రాన్ని ఆదేశించింది, ఎందుకంటే ఆ మిషన్ల వల్ల చాలా నీళ్ళు వృథాగా మోరీ పాలవుతాయి. అట్లాగని ఆర్వో పనికిరానిదేమీ కాదు. ఫ్లోరైడ్ ఎక్కువుందని పరీక్షలో తేలితే అది మంచి సాధనం.

కాబట్టి ముందు పరీక్ష చేయించండి. జిల్లా కేంద్రాల్లో గ్రామీణ నీటి సరఫరా విభాగం నీటి పరీక్ష ల్యాబులున్నాయి. బోరు కాసేపు పోనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను అవే నీళ్ళతో కడిగి, నిండా పట్టి ఇవ్వండి. ఫ్లోరైడ్, నైట్రేట్, కాఠిన్యం, టీడీఎస్ అడగండి. క్రిముల పరీక్షకు సీసా ల్యాబువాళ్ళనే అడిగి తీసుకోవాలి. రిపోర్టు వచ్చేదాకా మున్సిపల్ నల్లా నీళ్ళు వస్తుంటే తాగడానికీ వంటకూ అవి వాడుకోండి, బోరు నీళ్ళు మిగతా పనులకు. అడ్వాన్స్ వెనక్కి ఇవ్వమని ఆ మనిషికి మెసేజ్ రూపంలో రాసి అడగండి, ఫోన్‌లో మాట్లాడితే రుజువు ఉండదు. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

మీ అత్తమ్మగారి సంగతి చివరికి ఉంచాను గానీ అది అన్నిటికంటే జాగ్రత్తగా చూసుకోవాల్సింది. రక్తపరీక్షలో చూసేది సోడియం అయాన్‌నే. లీటరుకు 135 నుంచి 145 మిల్లీమోల్స్ మధ్య ఉండాలి. నరాల్లో సంకేతం పోవాలంటే ఈ అయాన్లు కణం లోపలికి దూకాలి, మళ్ళీ బయటికి రావాలి. సోడియం బాగా పడిపోతే నీరు మెదడు కణాల్లోకి చేరి అవి ఉబ్బుతాయి, అందుకే పెద్దవాళ్ళు మగతగా ఉంటారు, పొంతన లేకుండా మాట్లాడతారు. ఆర్వో నీళ్ళ వల్ల సోడియం తగ్గుతుందని భయపడక్కర్లేదు. మనకు సోడియం వచ్చేది ముఖ్యంగా వంటలోని ఉప్పు నుంచి. 5 గ్రాముల ఉప్పులో దాదాపు 2 గ్రాముల సోడియం ఉంటుంది, దాని ముందు తాగే నీళ్ళలోది సాధారణంగా చాలా తక్కువ. పెద్దవయసులో సోడియం తగ్గడానికి ఎక్కువసార్లు ఉప్పు తక్కువ తినడం కారణం కాదు. మూత్రం ఎక్కువ పోయేలా చేసే కొన్ని బీపీ మాత్రలు, ఒంట్లో నీరు నిలిచిపోవడం, కిడ్నీ, గుండె జబ్బులు కారణమవుతాయి. అందుకే ఎవరో చెప్పారని ఉప్పు నీళ్ళు కలిపి తాగించకండి. బీపీ, గుండె జబ్బు ఉంటే అది చెరుపు చేస్తుంది. బాగా పడిపోయిన సోడియంను తొందరగా పెంచితే మెదడుకు ప్రమాదం, డాక్టర్లు గంటల లెక్కన నెమ్మదిగా పెంచేది అందుకే.

ఈసారి చూపించడానికి వెళ్ళినప్పుడు ఆమె వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని పొండి, నొప్పుల మాత్రలతో సహా. మగత, తడబాటు మళ్ళీ కనిపిస్తే అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా వెంటనే తీసుకుపోండి. రోజుకు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టర్ కొలత చెప్పి ఉంటే, బోరు నీళ్ళకైనా ఆర్వో నీళ్ళకైనా అదే కొలత. మజ్జిగ, చాయ్, చారు కూడా అందులోనే లెక్క.